దేవాలయమును దాని పొరుగువారును

దేవాలయము రాతితోను సున్నముతోను కట్టబడినది గనుక ఒకే చోట నిలిచియుండును. దాని చుట్టునున్న పేట అట్లు నిలువదు. పెంకుటిండ్లు మేడలగును, చేలు వీధులగును, పాతవారు ఉద్యోగములకై ఊరు విడుతురు, క్రొత్తవారు వేఱు భాషలతోను వేఱు వృత్తులతోను వచ్చి చేరుదురు. ఇట్టి మార్పునడుమ సంఘము తన పొరుగువారితో సంబంధము కోల్పోకుండుట ఎట్లు? ఈ ప్రశ్న కాపరులకు మాత్రమే చెందినదని విద్యార్థులు తలంపవలదు. ఆదివారమున దేవాలయ ద్వారమునొద్ద నిలిచి చూడుడు. వచ్చువారిలో అనేకులు దూరపు కాలనీలనుండి వాహనములమీద వచ్చి, ఆరాధన ముగియగానే మరలిపోవుదురు. ప్రహరీగోడకు ఆవలి యింటివారు వీరి పేళ్లెఱుగరు. వీరును వారి పేళ్లెఱుగరు. నిండిన దేవాలయముకూడ తన పేటలో పరాయిది కావచ్చునని దీనివలన తెలియుచున్నది.

ఈ విషయమున మన తెలుగుదేశపు సంఘచరిత్రలోనే మంచి పాఠములున్నవి. వానిలో ముఖ్యముగా ఒంగోలును, పిమ్మట దోర్నకలును పరిశీలింతము.

1. పేటను చూచుట

1854వ సంవత్సరము జనవరి 1వ తేదీ ఉదయమున లైమన్ జూయెట్ దొరగారును, వారి భార్యయు, మఱి ముగ్గురు విశ్వాసులును ఒంగోలులోని కొండయెక్కి ప్రార్థించిరి. ఆ కొండకు ప్రార్థన కొండ యను పేరు నిలిచినది. వారు ప్రార్థించినప్పుడు ఊరును చుట్టుపల్లెలును వారి కన్నులయెదుట నుండెను. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఒంగోలు చేరిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమంది సభ్యులతో అచ్చట సంఘమేర్పడెను. తొలి విశ్వాసులలో యెఱ్ఱగుంట్ల పేరయ్యగారు తోళ్ల వర్తకులు. ఆయన బేరమునకై తిరుగు త్రోవలలోనే, తన బంధువులుండు గూడెములలోనే సువార్తను చెప్పెను. క్రొత్త బాట వేయలేదు. జనులు నడచుచున్న బాటనే తానును నడచెను.

నేడు ఆ కొండమీదినుండి చూచువానికి ఆనాటి ఊరు కనబడదు. 1899లో బెజవాడకును మద్రాసునకును రైలు కలిసెను. 1970లో ఒంగోలు జిల్లా ముఖ్యపట్టణమయ్యెను. దాపుననున్న చీమకుర్తి గ్రానైటు గనులకు ఇతర రాష్ట్రములనుండి పనివారు వచ్చిరి. కావున తాతలు ఒకసారి చూచిరి గదాయని మనుమలు కన్నులు మూసికొనరాదు. ప్రతి తరమువారును తమ కొండను తామే యెక్కి చూడవలెను.

2. బేరములేని సేవ

1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమున ఘోరమైన కఱవు వచ్చెను. క్లౌ దొరగారు యౌవనమున భూమి కొలుచు పని చేసినవారు. వారు బకింగ్‌హాం కాలువలో మూడు నాలుగు మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుగా తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. ఉపదేశకులు మేస్త్రీలై పని చేయించిరి. పగటి కూలియే పలువురి ప్రాణము నిలిపెను.

అయితే ఇందు మఱియొక విశేషము కలదు. కఱవు కాలమున బాప్తిస్మము కోరివచ్చినవారు వేలకొలది యుండినను, క్లౌ దొరగారు ఏడాదికి పైగా ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. కూటికొఱకు మతము పుచ్చుకొనిరను నింద వారికి రాకూడదనియు, కూలికిని విశ్వాసమునకును ముడిపెట్టరాదనియు వారి తలంపు. సహాయపు పని ముగిసిన పిమ్మటనే బాప్తిస్మములు మరల జరిగెను. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఆరుగురు బోధకులు 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. జనులు ఆ సంఖ్యనే చెప్పుకొందురు. మేము మాత్రము దానికి ముందటి నిరీక్షణయే ఎక్కువ జ్ఞాపకముంచుకొనదగినదని తలంచుచున్నాము. పొరుగువానికి అన్నము పెట్టి దానికి మూల్యముగా అతని మనస్సును అడుగువాడు సేవకుడు కాడు, వర్తకుడు. ఇతర మతస్థులు పెక్కుమంది నివసించు పేటలలో ఈ భేదమును వారు త్వరగా గ్రహింతురు.

3. భాషయు వేళయు

వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు తమిళులు. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ పక్షమున 1909లో దోర్నకల్ చేరి తెలుగు నేర్చుకొనిరి. 1912లో ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్పైరి. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ దేవాలయమునందు మసీదులను తలపించు గుమ్మటములును, గుడి మండపములను తలపించు స్తంభములును కలవు. ఈ దేశపు కన్నులకు పరిచితమైన రూపముతోనే ఆరాధనాస్థలము కట్టవచ్చునని ఆయన చూపిరి. పల్లెలలో కూలివారు పొలమునుండి మరలివచ్చిన పిమ్మట సాయంకాలమున ఆరాధన జరుగుటయు ఇట్టి వివేకమే.

నేడు పట్టణములలో రాత్రి పనికి పోవువారును, ఆదివారము సెలవు లేనివారును ఎందఱో కలరు. ఒడియా హిందీలు తప్ప వేఱు భాష రాని కూలీలు కలరు. వారి వేళను, వారి మాటను ఎఱుగని సంఘము వారిని రమ్మని పిలిచినను ఆ పిలుపు వారి చెవిని పడదు.

4. చోటిచ్చుట

ఇచ్చట ఒక కఠినమైన సంగతి చెప్పక తప్పదు. మన సంఘములలో పెక్కులు ఒక్కొక్క కులమునుండియు, ఒక్కొక్క బంధువర్గమునుండియు పెరిగినవి. పేరయ్యగారి త్రోవ బంధువుల త్రోవయే. బంధుత్వము సంఘమునకు బలము. కాని అదియే గోడయు కాగలదు. క్రొత్తవాడు వచ్చి వెనుక బల్లమీద కూర్చుండగానే "ఎవరి తాలూకు?" అని అడుగు అలవాటు మనలో ఇంకను పోలేదు. ఆ ప్రశ్నకు జవాబు లేనివాడు మఱుసటి ఆదివారము రాడు. అట్లే రోడ్డువైపు ఆవరణమంతయు దుకాణములు కట్టి బాడుగకిచ్చిన సంఘమునకు ఆదాయము వచ్చును. కాని వీధివారికి దేవాలయపు వాకిలియే కనబడకుండిన, ఆ ఆదాయము నష్టముతో కూడినదే. బాడుగ సొమ్ములో కొంత ఆ వీధి పిల్లల రాత్రిబడికి వెచ్చించుట న్యాయము.

ముగింపు

మార్పునకు లోబడనిది మన విశ్వాసపు పునాది. వేళలు, భాషలు, కూర్చుండు వరుసలు, పనుల తీరులు పునాది కావు. ఈ రెంటిని కలగలిపి, అలవాటును విశ్వాసముగా నెంచుటవలననే పెక్కు సంఘములు తమ పేటలకు దూరమగుచున్నవి. చెరగొనిపోబడి బబులోనులో నున్నవారికి యిర్మీయా ప్రవక్త పత్రిక వ్రాసి, ఆ పరాయి పట్టణపు మేలునందే వారి మేలున్నదని బోధించెను. పరాయి పట్టణము విషయమే అట్లయినయెడల, మనము పుట్టి పెరిగిన పేట విషయము వేఱుగ చెప్పనేల?

విద్యార్థులకు అభ్యాసము

1. మీ దేవాలయమునకు నాలుగు దిక్కులనున్న వీధులను పటముగా గీయుడు. పదియేండ్ల క్రిందట అచ్చట ఏమి యుండెనో పెద్దలనడిగి వ్రాయుడు.

2. ఆ వీధులలో వినబడు భాషలేవి? జనులు పనికి పోవు వేళలేవి?

3. క్లౌ దొరగారు కఱవు కాలమున బాప్తిస్మములను ఎందుకు ఆపిరి? మీ మాటలలో చెప్పుడు.

4. గోడకు ఆవలి ఇండ్లలో మీకు పేరు తెలిసినవారెందఱు? వచ్చు పండుగలోపల ఆ సంఖ్యకు ఒక్కటైనను చేర్చుడు.