ఆప్షన్ వ్యాపారము: కొన్ని మౌలిక పదములు

ఇల్లు గాని, పొలము గాని కొనదలచినవారు ముందుగా కొంత సొమ్ము ‘బయానా’ ఇచ్చుట మన వాడుక. ఉర్దూ నుండి తెలుగునకు వచ్చిన ఈ మాట తెలిసిన విద్యార్థికి ఆప్షన్ అనునది సగము తెలిసినట్లే. ప్రమాదమంతయు మిగిలిన సగములో నున్నది.

ఒక షేరును నిర్ణీత ధరకు, నిర్ణీత గడువునకు కొనుటకు గల హక్కును ‘కాల్’ అనియు, అమ్ముటకు గల హక్కును ‘పుట్’ అనియు అందురు. ధర పెరుగునని తలచువాడు కాల్‌ను, తగ్గునని తలచువాడు పుట్‌ను కొనును. ఆ నిర్ణీత ధర ‘స్ట్రైక్ ప్రైస్’. గడువు తీరు దినము ‘ఎక్స్‌పైరీ’. హక్కు కొరకు చెల్లించు మూల్యము ‘ప్రీమియం’. ఒకే ఒప్పందములో చేరు షేర్ల సంఖ్య ‘లాట్’.

ఉదాహరణకు, ఒక షేరు ధర 500 రూపాయలు. కాల్ స్ట్రైక్ ప్రైస్ 520. ప్రీమియం షేరుకు 15. లాటు 100 షేర్లు అనుకొందము. కొన్నవాడు 1,500 రూపాయలు చెల్లించును. ఖర్చులు, పన్నులు అటుంచి చూతము. గడువు నాటికి ధర 550 అయినచో షేరుకు 30 వంతున 3,000 వచ్చును. నికర లాభము 1,500. ధర 530 వద్దనే నిలిచినచో వచ్చునది 1,000 మాత్రమే. ధర పెరుగునన్న ఊహ నిజమైనను 500 నష్టము! 535 దాటిననే లాభము. 520 దాటనిచో ప్రీమియం అంతయు పోవును.

బయానా సొమ్ము కొనుగోలు ధరలో జమయగును. ప్రీమియం జమ కాదు. కొన్నవానికి హక్కే గాని బాధ్యత లేదు. నష్టము ప్రీమియంతో ఆగును. కాల్ అమ్మినవానికి బాధ్యతయే గాని హక్కు లేదు. అందుచేతనే అతడు ‘మార్జిన్’ అను పూచీసొమ్ము నిలుపవలెను. పై ఉదాహరణలో ధర 600 అయినచో, పొందినది 1,500. షేర్లు ముందే చేతిలో లేనిచో పోగొట్టుకొనునది 8,000. ధర ఎంత పెరిగిన అతని నష్టమంత పెరుగును.

మన దేశమున నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నిఫ్టీ సూచీ ఆప్షన్లు 2001 జూన్ 4న, విడి షేర్ల ఆప్షన్లు అదే సంవత్సరము జూలై 2న ఆరంభమైనవి. 2021-22 నుండి 2023-24 వరకు మూడేండ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారము చేసిన వ్యక్తులలో 93 శాతము మంది నష్టపోయిరని 2024 సెప్టెంబరులో సెబీ తెలిపినది.

కావున విద్యార్థులారా! ‘కొద్ది సొమ్ముతో పెద్ద లాభము’ అని ఎవరైన ఆశ చూపినచో మూడు ప్రశ్నలు వేయుడు: నేను కొనుచున్నది హక్కా, అమ్ముచున్నది బాధ్యతయా? ఏ ధర దాటిన నాకు లాభము? గడువు ఎప్పుడు? జవాబు తెలియనంతవరకు చేతి సొమ్ము చేతనే యుంచుకొనుట మేలు.