పెద్ద బ్యాకప్‌కు వర్చువల్ మెషీన్‌లో చోటు పెంచడం ఎలా?

డేటాబేస్ బ్యాకప్ ఫైలు 38 జీబీ. దాన్ని వర్చువల్ మెషీన్‌లోకి కాపీ చేశాక కూడా 60 జీబీ ఖాళీ ఉంది. ఇంకేం కావాలని రిస్టోర్ నొక్కాను. చోటు చాలదంది ఎస్‌క్యూఎల్ సర్వర్.

తప్పు నా లెక్కదే. బ్యాకప్‌లోకి డేటా ఉన్న పేజీలే వెళ్తాయి, పైగా కంప్రెస్ కూడా అయివుండొచ్చు. రిస్టోర్‌లో మాత్రం డేటా ఫైలు, లాగ్ ఫైలు వాటి అసలు సైజులోనే, లోపలి ఖాళీతో సహా తయారవుతాయి.

వర్చువల్‌బాక్స్‌లో విండోస్ నడుపుతున్నారనుకుని ఈ పద్ధతి చెబుతున్నాను.

1. ముందు లెక్క

ఎస్‌క్యూఎల్ సర్వర్ మేనేజ్‌మెంట్ స్టూడియోలో 'రిస్టోర్ ఫైల్‌లిస్ట్‌ఓన్లీ' కమాండ్‌ను మీ బ్యాకప్ ఫైలు మీద నడపండి. 'సైజ్' గడిలో ఒక్కో ఫైలుకు ఎన్ని బైట్లు కావాలో కనిపిస్తుంది. నాకు డేటా 110, లాగ్ 30, మొత్తం 140 జీబీ అని తేలింది. ఉన్నది 60 కాబట్టి ఇంకో 80 కావాలి. కాస్త వెసులుబాటు కోసం 150 జీబీ డిస్కును 250కి పెంచాను. అసలు కంప్యూటర్‌లో అంత చోటు నిజంగా ఉందో లేదో కూడా చూసుకోండి.

2. మెషీన్‌ను ఆపండి

సేవ్ స్టేట్ కాదు, పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. డిస్క్ ఫైలును వేరేచోట కాపీ చేసి పెట్టుకోండి. స్నాప్‌షాట్లు ఉంటే ముందు డిలీట్ చేయండి. మెషీన్ ఇప్పటి స్థితి ఎక్కడికీ పోదు, వెనక్కి వెళ్లే దారి మాత్రమే పోతుంది.

3. డిస్క్ పెంచండి

వర్చువల్ మీడియా మేనేజర్‌లో మీ డిస్కును ఎంచుకుని, సైజు పెంచి, అప్లై నొక్కండి. వీడీఐ, వీహెచ్‌డీ డిస్కులకు ఇది పనిచేస్తుంది. వీఎండీకే అయితే సైజు మారకపోవచ్చు, అప్పుడు ముందు వీడీఐగా కాపీ చేసుకోవాలి. పెంచాక మళ్లీ తగ్గించడం కుదరదు.

4. గట్టు జరపండి

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మెషీన్ ఆన్ చేస్తే సీ డ్రైవ్ పాత సైజే చూపిస్తుంది. పక్క చేను కొన్నారు గానీ మధ్య గట్టు తీయలేదన్నమాట. విండోస్ మీటతో పాటు ఎక్స్ నొక్కి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కొత్త చోటు నల్లగీతతో 'అన్‌అలొకేటెడ్' అని ఉంటుంది. సీ మీద రైట్ క్లిక్ చేసి 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' ఎంచుకోండి.

అది మసకగా ఉండి నొక్కడానికి వీల్లేకపోతే, సీకీ ఖాళీకీ మధ్య రికవరీ పార్టిషన్ ఉందేమో చూడండి. కొత్తవాళ్లు దాన్ని కెలక్కపోవడమే మేలు. ఆ ఖాళీ మీదే రైట్ క్లిక్ చేసి 'న్యూ సింపుల్ వాల్యూమ్'తో వేరే డ్రైవ్ చేసుకోవచ్చు. కానీ అప్పుడు ఒక్కో ఫైలు ఏదో ఒక్క డ్రైవ్‌లోనే పూర్తిగా పట్టాలి. నాకైతే 110 జీబీ డేటా ఫైలుకు ఆ 100 జీబీ చాలదు. అలాంటప్పుడు మెషీన్‌కు 200 జీబీ రెండో డిస్కు తగిలించడం తేలిక.

5. ఇక రిస్టోర్

కొత్త డ్రైవ్ పెట్టుకుంటే, రిస్టోర్ విండోలో 'ఫైల్స్' పేజీకి వెళ్లి ఫైళ్లను అక్కడికి మళ్లించండి. డేటాబేస్ తెరుచుకుని, నాలుగు టేబుళ్లు సరిచూసుకున్నాకే మెషీన్‌లోని బ్యాకప్ కాపీ తీసేయండి. తీసేసినా అసలు కంప్యూటర్‌లో డిస్క్ ఫైలు తనంతట తాను తగ్గదు. అందుకే ఆ మొదటి లెక్క దగ్గర ఓ పది నిమిషాలు ఎక్కువ కూర్చోండి.