దొర చూసిన యానాదులు, అవ్వ చూసిన ఊరు



సాంఘికశాస్త్రంలో యాత్రికుల పాఠం అయ్యాక టీచరుగారు ఒక సంగతి చెప్పారు. మా యానాదుల గురించి కూడా ఒక దొర రాశాడట. ఆయన పేరు ఎడ్గార్ థర్‌స్టన్. మద్రాసు మ్యూజియం అధికారి. దక్షిణ దేశంలోని కులాలు, తెగల మీద ఆయన పుస్తకం 1909లో ఏడు సంపుటాలుగా వచ్చింది. యానాదులు ఏడో దాంట్లో ఉన్నారు. ఇంగ్లీషు అక్షరాల వరసలో మా పేరు చివర వస్తుంది మరి. ఇక్కడ మాత్రం మమ్మల్ని ఎవరూ వెనక్కి నెట్టలేదు.

ఆ దొర మనుషుల తలలు, ముక్కులు పరికరంతో కొలిచేవాడు. ముక్కు వెడల్పును బట్టి జాతి తెలుస్తుందని ఆ కాలంలో కొందరు పండితులు అనుకునేవారు. ఇప్పటి శాస్త్రం ఒప్పుకోదు. ఇది విని మేమందరం స్కేలు పెట్టి ముక్కులు కొల్చుకున్నాం. ఒకటే నవ్వు.

మాలో మంచి యానాదులు, చల్ల యానాదులు అని ఉన్నారని కూడా పుస్తకంలో ఉంది. చల్ల అంటే ఇక్కడ మజ్జిగ కాదు, ఎంగిలి మెతుకులు తినేవాళ్ళని అర్థమట. అప్పుడు నాకు నవ్వు రాలేదు. ఆకలికి తిన్నదాన్ని పేరుగా పెడితే ఎట్లా?

సంక్రాంతి సెలవుల్లో ఇదంతా మా అవ్వకు చెప్పాను. అవ్వకు చదువు రాదు. "ఆ దొర మన ఎలికల కుండ చూసినాడా?" అని అడిగింది.

ఆ కుండ సంగతి చెప్తాను. పొలం గెనిమలో ఎలుక కలుగుకి రెండు మూడు దారులుంటాయి. ఒకటి ఉంచి మిగతావి మట్టితో మూస్తారు. కుండలో ఎండుగడ్డి కూరి, నిప్పు పెట్టి, మూతిని కలుగుకి ఆనిస్తారు. కుండ అడుగున చిల్లి ఉంటుంది. అందులో నోటితో ఊదితే పొగంతా లోపలికి పోతుంది. ఎలుక సొమ్మసిల్లినాక తవ్వుతారు. లోపల అది దాచుకున్న వడ్లు దొరుకుతాయి. సాయంత్రానికి మా నాయన కళ్ళు ఎర్రగా అవుతాయి.

పోయిన ఏడు కోతలప్పుడు ఒక రైతు నాయనను పిలిచి ఎలుకలు పట్టించాడు. కలుగులో వడ్లు పట్టినవాళ్ళవే అని మా వాళ్ళ లెక్క. తీసుకుని వస్తుంటే ఆయన అందరి ముందర "దొంగ వడ్లు" అన్నాడు. నాయన మూట అక్కడే పెట్టి వచ్చేశాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

ఆ మాట పాతది. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం చేశారు. తరువాత మన ఎరుకలవాళ్ళను, యానాదులను కూడా అందులో రాశారు. పుట్టుకతోనే దొంగ అన్నమాట! నెల్లూరు జిల్లాలో వెన్నెలకంటి రాఘవయ్యగారు దాని మీద పోరాడారు. 1952లో చట్టం రద్దయింది. నోటిమాట రద్దు కాలేదు.

అవ్వ కూడా యాత్రికురాలే. కట్టెలమోపుతో ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా పల్లెలు తిరిగింది. ఊరోళ్ళు ఎట్లా ఉంటారని అడిగితే ఇట్లా చెప్పింది: "తోటకి కావలి మమ్మల్నే పెడతారు, దొంగలనీ మమ్మల్నే అంటారు. పాము కరిస్తే నడిరేత్రి మా గుడిసెకి దారి తెలుస్తాది, పెండ్లికి పిలవాలంటే తెలవదు. ఎలిక తింటే ఊరుకుంటారు, మేం తింటే లెక్కడుగుతారు." (పాము కరిస్తే ఇప్పుడు ఆసుపత్రికే పోవాలి. విరుగుడు ఇంజెక్షను అక్కడే ఉంది. అవ్వ కూడా ఇదే చెప్తుంది.)

నేను సెలవుల్లో ఉండగానే ఆ రైతు మళ్ళీ కబురు పంపాడు. నాయన కుండ తీశాడు. వడ్ల సంగతి ముందే నలుగురిలో మాట్లాడుకోమని చెప్పాను. "నువ్వు కూడా రా" అన్నాడు. పోయాను.