కాక్‌పిట్ మూసేలోపు ముగించండి

మొదలుపెట్టడంలో మీకు మీరే సాటి. కొత్త డైరీ, కొత్త జిమ్, కొత్త కోర్సు... అన్నీ ఘనంగా మొదలవుతాయి. మరి ముగింపు? ఆరంభశూరత్వం అనే మాట పెద్దలు ఊరికే పుట్టించలేదు.

దీనికో మంచి మందుంది. బాంబర్ విమానం బొమ్మ. నవ్వకండి, పూర్తిగా చదవండి.

స్కేల్ మోడలింగ్ అంటే ప్లాస్టిక్ కిట్‌లోని ముక్కలు అతికించి, రంగులేసి, అసలు విమానానికి అచ్చుగుద్దినట్టుండే నమూనా తయారుచేయడం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాడిన నాలుగు ఇంజన్ల బాంబర్ బి-17నే తీసుకోండి. 1/48 స్కేల్‌లో, అంటే అసలు సైజులో 48వ వంతులో, దాని రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 66 సెంటీమీటర్లు. పైలట్ సీటు మాత్రం చిటికెన వేలి గోరంత. దాని ముందున్న ఒక్కో డయల్ ఒకటిన్నర మిల్లీమీటర్ల చుక్క!

అసలు కిటుకు ఇక్కడుంది. విమానం బాడీ రెండు సగాలుగా వస్తుంది. కాక్‌పిట్ పనంతా అయ్యాకే ఆ రెండింటినీ అతకాలి. అతికించాక లోపలికి వేలు కూడా దూరదు. అంటే డెడ్‌లైన్ పెట్టడానికి బాస్ అక్కర్లేదు. బొమ్మే పెడుతుంది.

చాలామంది సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటారు. ఇంకో వైరు పెడదాం, ఇంకో స్విచ్ పెడదాం అంటూ నెలలు గడిపేస్తారు. మోడలర్లు దీనికి సరదాగా ఓ జబ్బు పేరే పెట్టుకున్నారు: అడ్వాన్స్‌డ్ మోడలర్స్ సిండ్రోమ్. సగంలో ఆగిన కిట్లు చేరే అరను ‘షెల్ఫ్ ఆఫ్ డూమ్’ అంటారు. అలాంటి అర మీ జీవితంలోనూ ఒకటుంది. దాని మీద ‘పర్ఫెక్షన్’ అని లేబుల్ వేసుకున్నారు, అంతే.

ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. వివరం మీద ప్రేమ వేరు, వివరం చాటున దాక్కోవడం వేరు. మొదటిది పని ముగిస్తుంది. రెండోది పనిని అటకెక్కిస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా ఒక్కటే: హద్దు. దాన్ని ముందే గీసుకోవాలి. ఎలాగో ఆరు అడుగుల్లో చూద్దాం.

అడుగు 1: గాజులోంచి చూడండి

జిగురు ఇంకా ముట్టకండి. బాడీ సగాలను టేపుతో కలపండి. పైన గాజులా ఉండే కానపీ పెట్టండి. ఇప్పుడు టార్చి వేసి చూడండి.

కనిపించేవి: సీట్ల పైభాగం, బెల్టులు, రెండు కంట్రోల్ యోక్‌లు, మధ్యలో థ్రాటిల్ లీవర్లు, ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్. కనిపించనివి: కాళ్ల దగ్గరి పెడళ్లు, సీటు కింది నేల. మొదటివాటికి మీ సాయంత్రాలు ఇవ్వండి. రెండోవాటికి ఒక కోటు రంగు చాలు.

ఇది మోసం కాదు, ప్రాధాన్యం. రేపటి మీ ప్రెజెంటేషన్‌కూ ఇదే సూత్రం. ఒక్కసారి వినేవాళ్ల కుర్చీలో కూర్చుని చూడండి. ఏ స్లయిడ్ ఉండాలో, ఏది పోవాలో ఇట్టే తేలిపోతుంది.

అడుగు 2: వెతుకులాటకు గడువు పెట్టండి

రెఫరెన్స్ ఫొటోలకు అంతులేదు. పది ఎంచుకోండి, ఆపేయండి. వీలైతే అసలు విమానం ఒకటి చూడండి. విశాఖ ఆర్కే బీచ్‌లో టీయూ-142 మ్యూజియం ఉంది. టీయూ-95 బాంబర్ నుంచి పుట్టి, మన నౌకాదళానికి సేవలందించి, 2017లో రిటైరైన విమానం అది. అక్కడ సెల్ఫీతో సరిపెట్టకండి. రంగు ఎక్కడ అరిగిందో చూడండి. చేతులు పట్టుకున్న చోట, బూట్లు తగిలిన చోట అరుగుతుంది. మీ బొమ్మలోనూ అక్కడే అరగాలి.

చదవడం పనికి సాయం. పనికి బదులు కాదు.

అడుగు 3: చెక్‌లిస్ట్ రాయండి

1935 అక్టోబర్ 30. ఒహాయో రాష్ట్రంలోని రైట్ ఫీల్డ్. బి-17కు తొలి నమూనా అయిన బోయింగ్ మోడల్ 299 గాల్లోకి లేచింది. లేచిన కాసేపటికే కూలింది. ఇద్దరు చనిపోయారు. నేలమీద ఉన్నప్పుడు గాలికి కదలకుండా తోక భాగానికి వేసే లాక్‌ను తీయడం మరిచారు. పైలట్లు కొత్తవాళ్లు కాదు, ఆరితేరినవాళ్లే.

దాన్నుంచి సైన్యం నేర్చుకున్న పాఠం: జ్ఞాపకాన్ని నమ్ముకోవద్దు, కాగితాన్ని నమ్ముకో. అలా పైలట్ల చెక్‌లిస్ట్ పుట్టింది. తర్వాత ఆ రకం విమానాలు 12,731 తయారయ్యాయి.

అంతటి పైలట్లకే కాగితం కావాల్సి వచ్చింది. మీకూ నాకూ వద్దా? బాడీ మూసేముందు ఏమేం అయిపోవాలో రాయండి. పది లైన్లు దాటకూడదు. అయిన ప్రతి లైనుకూ టిక్ పెట్టండి.

అడుగు 4: పొర ఆరాకే పొర

కాక్‌పిట్ రంగు ఇలా నడుస్తుంది:

- ముందు ప్రైమర్. ఆరనివ్వండి.
- దాని మీద ముదురాకుపచ్చ. ఆరనివ్వండి.
- బాగా పలుచన చేసిన ముదురు గోధుమరంగు ఆయిల్ పెయింట్‌ను మూలల్లో తాకించండి. అది తనంతట తానే సందుల్లోకి పాకుతుంది. రాత్రంతా వదిలేయండి.
- చివరగా డ్రై బ్రష్. కుంచెకు లేత రంగు అద్ది, టిష్యూ మీద దాదాపు ఏమీ మిగలనంతగా తుడవండి. అంచుల మీద మెల్లగా రాయండి. అప్పటిదాకా చదునుగా కనిపించిన ప్లాస్టిక్‌లో ప్రతి రివెట్ లేచి నిలబడుతుంది.

తొందరపడితే కింది రంగు లేచిపోతుంది. ఓపిక అంటే ఖాళీగా కూర్చోవడం కాదు. ఇది ఆరేలోపు సీటు బెల్టులు కత్తిరించుకోండి. మాస్కింగ్ టేపును సన్నగా చీలిస్తే చాలు, బెల్టులు తయారు. ఎదురుచూసే టైమ్‌ను పనికొచ్చే టైమ్‌గా మార్చడం ఒక అలవాటు. అది మీకు వచ్చేస్తుంది.

అడుగు 5: ఒక్కచోట ప్రాణం పెట్టండి

అన్నీ ముఖ్యమైతే ఏదీ ముఖ్యం కాదు. ఈ కాక్‌పిట్‌లో మీ ప్రాణం ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్. డయళ్ల డెకాల్ (నీటిలో తడిపి అతికించే స్టిక్కర్) వేయండి. ఆరాక టూత్‌పిక్ కొసతో ఒక్కో డయల్ మీద మెరుపు వార్నిష్ చుక్క పెట్టండి. వెలుగు పడగానే అసలు అద్దంలా మెరుస్తుంది.

ఒక్క చిన్న వివరం ఎంత పని చేస్తుందో బి-17 కథే చెబుతుంది. యుద్ధ సమయంలో కొందరు పైలట్లు నేలమీద దిగాక రెక్కల వెనకంచున ఉండే ఫ్లాప్స్ ఎత్తబోయి చక్రాలు ఎత్తేసేవారు. విమానం పొట్ట నేలకు ఆనేది. ‘పైలట్ తప్పు’ అని రాసేసేవారు. సైకాలజిస్ట్ ఆల్ఫాన్స్ చపానిస్ కాక్‌పిట్ చూశాడు. రెండు స్విచ్‌లూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకేలా ఉన్నాయి! ఒకదానికి చిన్న చక్రం, రెండోదానికి ఫ్లాప్ ఆకారం తగిలించమన్నాడు. చేతికి తేడా తెలిసింది, పొరపాటు ఆగింది. నేటి విమానాల్లోనూ చక్రాల లీవర్ కొసన చక్రం ఆకారమే ఉంటుంది.

పని చేసే వివరం అంటే అదీ. మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపి, మీ టేబుల్ మీది ‘స్విచ్‌లు’ మార్చండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి. పుస్తకం దిండు మీద పెట్టండి.

అడుగు 6: మూసేయండి

చెక్‌లిస్ట్‌లో టిక్‌లన్నీ పడ్డాయా? బాడీ అతికించేయండి. కానపీకి మాత్రం సూపర్ గ్లూ వద్దు, దాని ఆవిరికి ఆ పారదర్శక ప్లాస్టిక్ మసకబారుతుంది. తెల్లగా ఉండే పీవీఏ జిగురు వాడండి.

‘ఇంకొంచెం బాగుండేదేమో’ అని మనసు గొణుగుతుంది. గొణగనివ్వండి. ఆ ‘ఇంకొంచెం’ వచ్చే బొమ్మకు వెళ్తుంది. ముగించిన పనే మీకు పాఠం చెబుతుంది. ఆగిన పని అపరాధభావం తప్ప ఏమీ ఇవ్వదు.

ఈ వారం మీ హోంవర్క్

1. సగంలో ఆగిన పనుల్లో ఒక్కటే ఎంచుకోండి.
2. ఎదుటివారికి అందులో ఏది ముఖ్యమో మూడు లైన్లలో రాయండి.
3. పది లైన్ల చెక్‌లిస్ట్ చేయండి.
4. మీ ప్రాణం పెట్టే చోటు ఒక్కటి గుర్తించండి.
5. మూసేసే తేదీ వేసి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

బొమ్మే చేయాలని లేదు. రిపోర్టయినా, రెజ్యూమె అయినా, ఆగిపోయిన డ్రైవింగ్ క్లాసులయినా పద్ధతి ఇదే. మీరు చేయగలరు. అందులో నాకు అనుమానం లేదు. పెన్ను తీయండి, ముందు ఆ తేదీ వేయండి.