గృహమున వాక్తపస్సు

భగవద్గీత 17వ అధ్యాయమున తపస్సు శారీరము, వాఙ్మయము, మానసము అని మూడు విధములుగా చెప్పబడినది. వీనిలో వాఙ్మయ తపస్సునకు అడవికి పోనక్కరలేదు. గృహమే తగిన స్థానము. వినువారికి ఉద్వేగము కలిగింపకుండుట, సత్యమై యుండుట, ప్రియమై యుండుట, హితమై యుండుట అను నాలుగు గుణములును ఒక్క మాటయందే కలిసి యుండవలెను. యౌవనారంభమున ముఖమునిండ మొటిమలు వచ్చిన బిడ్డ యింట నున్నప్పుడు ఈ సాధన యెంత కష్టమో తల్లిదండ్రులకు తెలియవచ్చును.

మొదటిది, ఉద్వేగము కలిగింపకుండుట. 14, 15 ఏండ్ల బాలిక బంధువుల పెండ్లికి రానని మొండికెత్తును. బాలుడు తరగతిలో చివరి బల్లను వెదకికొనును. ఇంటికి వచ్చిన చుట్టములు కుశలప్రశ్నలకు ముందే "ముఖమేమి ఇట్లైనది?" అందురు. తల్లియు ప్రేమతోనే "నూనె పదార్థములు తినవద్దంటిని గదా!" అని పదిమందిలో అనును. అట్టి ప్రస్తావన వచ్చినప్పుడు పెద్దలు సంభాషణమును మెల్లగా మరల్పవలెను. "ఇదియు నొక బాధయేనా?" అని తీసివేయుటయు గాయపరచుటయే. ముందుగా బిడ్డ చెప్పుకొనునది అడ్డు రాక వినవలెను.

రెండవది సత్యము. యౌవనోదయమున ఆండ్రోజెనులను హార్మోనులు హెచ్చుటచే చర్మమందలి తైలగ్రంథులు అధికముగా జిడ్డును స్రవించును. ఆ జిడ్డుతోను మృతకణములతోను రోమకూపములు మూసికొనిపోవును; అందు సూక్ష్మజీవులు పెరిగి వాపు కలుగును. ఇదియే మొటిమ. ఇది మురికివలన పుట్టినది కాదు; చెడు తలంపులకు ఫలము అసలే కాదు. ఆ వయసున మిక్కిలి యెక్కువమందికి ఇది వచ్చును. తన దోషమేమియు లేదని తెలిసిననాడు బిడ్డ గుండెపైనుండి సగము బరువు దిగును.

మూడవది ప్రియము. ప్రియమనగా ముఖస్తుతి కాదు. కల్లపొగడ్తను పిల్లలు వెంటనే గుర్తింతురు. బిడ్డ పాటను, లెక్కల నేర్పును, తమ్మునిపై చూపు దయను గుర్తించి పలుకుటయే ప్రియము. ఎనిమిది వంకరల దేహముతో జనకుని సభకు వచ్చిన అష్టావక్రుని చూచి పండితులు నవ్విరనియు, తోలును చూచి వెలకట్టువారు జ్ఞానులెట్లగుదురని ఆతడు తిరిగి నవ్వెననియు ఐతిహ్యము. ఈ కథను చెప్పి, దేహము అనిత్యమని దుఃఖించు బిడ్డకు బోధింపబూనుట తొందరపాటు. ఇందలి పాఠము మొదట పెద్దలకే. బిడ్డ గదిలోనికి రాగానే తమ చూపు ముందుగా చెక్కిళ్లపై వ్రాలుచున్నదా, కన్నులపై వ్రాలుచున్నదా అని వారు తమ్ము తాము పరీక్షించుకొనవలెను.

నాలుగవది హితము. "వాటంతట అవియే పోవును" అని ఉపేక్షించినచో మచ్చలును గుంటలును మిగులవచ్చును. మొటిమలను గిల్లరాదు, ముఖమును గట్టిగా రుద్దరాదు. ఇరుగుపొరుగువారు చెప్పిన లేపనములను దుకాణమున కొని పూయరాదు. స్టెరాయిడు కలిసినవి మొదట గుణమిచ్చినట్లు కనబడి, పిదప చర్మమును పలుచబరచి వ్యాధిని పెంచును. చర్మవైద్యుని చూపుటయే మేలు. చికిత్సకు ఫలము కనబడుటకు 6 నుండి 8 వారములు, ఒక్కొక్కప్పుడు అంతకెక్కువ కాలము పట్టును. ఆ దినములలో బిడ్డకు ఓర్పు నేర్పువారు తామును ఓర్పు వహింపవలెను.

బిడ్డ తిండి, నిద్ర, చదువు విడిచి యేకాంతమున కుములుచున్నను, బ్రతుకుపై విరక్తి పలికినను ఆలస్యము చేయక మానసిక వైద్యుని కడకు కొనిపోవలెను. 2022లో భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యపై ఫోను చేసియు సహాయము పొందవచ్చును.

ముఖమును దాచుకొనుచుండిన బిడ్డ, మచ్చలు పూర్తిగా మానకమునుపే, నలుగురిలోనికి వచ్చి తలయెత్తి కూర్చుండిననాడు ఆ గృహమున వాక్తపస్సు ఫలించినట్లే.