కాలేజీ కంటే ముందు వార్డు చూడండి

ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే నర్సింగ్ కాలేజీల పీఆర్వోలు ఇళ్లకు తిరగడం మొదలవుతుంది. ఫీజు ప్రభుత్వమే కడుతుందంటారు, హాస్టల్ చూసుకుంటామంటారు, చదువు అయిపోగానే ఉద్యోగమంటారు. శనగ పంట మీదో, నాపరాళ్ల గనుల్లో కూలి మీదో, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో పని మీదో ఇల్లు నడిపే కమలాపురం తల్లిదండ్రులకు ఆ మాటలు ఎంత ధైర్యమిస్తాయో నాకు తెలుసు. సరేనని సంతకం పెట్టే ముందు మాత్రం ఒక్క ప్రశ్న అడగండి: మా పాప ఏ ఆసుపత్రిలో, ఏ వార్డులో పని నేర్చుకుంటుంది?

జీఎన్‌ఎం, అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ, మూడేళ్ల డిప్లొమా. ఇంటర్ ఏ గ్రూపు చదివినా చేరవచ్చు. ఇంగ్లీషులోనూ మొత్తం మీదా 40 శాతం మార్కులు, 17 ఏళ్లు నిండిన వయసు ఉండాలి. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కైతే బైపీసీ తప్పనిసరి. డిప్లొమాతో దారి మూసుకుపోదు. తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేస్తే డిగ్రీ చేతికొస్తుంది. అమెరికాలోనూ ఇలాంటి చిన్న దారి ఒకటుంది. మిల్‌డ్రెడ్ మాంటాగ్ అనే నర్సింగ్ అధ్యాపకురాలి ఆలోచనతో 1952లో అక్కడ రెండేళ్ల అసోసియేట్ డిగ్రీని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. ఈనాటికీ ఆ రెండేళ్లు చదివినవాళ్లూ, నాలుగేళ్లు చదివినవాళ్లూ లైసెన్సు కోసం రాసేది ఒకే పరీక్ష, ఎన్‌క్లెక్స్. అందుకే ‘ఎంబీబీఎస్ రాలేదు, బీఎస్సీ సీటూ రాలేదు, ఇక గత్యంతరం లేక నర్సింగ్’ అన్న మాట పాప వినేలా ఎవరితోనూ అనకండి. మీరు చిన్నచూపు చూసిన చదువును ఆ పిల్ల తలెత్తుకుని చదవలేదు.

నర్సింగ్ నేర్చుకునేది రోగి మంచం పక్కన. ఒక్కో విద్యార్థికి కనీసం ముగ్గురు రోగులుండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. సొంత ఆసుపత్రి లేని కాలేజీలు పిల్లలను బస్సుల్లో ఎక్కించి పెద్దాసుపత్రికి పంపుతాయి. రెండు మూడు కాలేజీల వాళ్లు ఒకే వార్డులో చేరితే ఒక మంచం చుట్టూ పదిమంది పిల్లలు నిలబడతారు, ఇంజెక్షన్ ఒక్కరే చేస్తారు. తక్కినవాళ్లు రికార్డు రాసుకుంటారు. చేయించని కాన్పును చేయించినట్టు రాసుకుని బయటికొచ్చిన అమ్మాయి, రేపు ఏ పల్లె ఆసుపత్రిలోనో నడిరాత్రి నిజమైన కాన్పు ముందు ఒంటరిగా నిలబడాలి. అప్పుడు ఆ తల్లికీ బిడ్డకీ ఆపద, మీ పాపకూ ఆపదే. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

కాబట్టి ఒక పూట కూలి పోయినా సరే, పిల్లలు పని నేర్చుకునే ఆసుపత్రికి పొద్దున్నే వెళ్లండి. కడప పుట్లంపల్లిలోని రిమ్స్ అయినా, ప్రొద్దుటూరులో మరో ఆసుపత్రి అయినా, చూడాల్సింది గోడలూ అద్దాలూ కాదు. యూనిఫాం వేసుకున్న పిల్లల వెంట మేడమ్ ఎవరైనా నిలబడి నేర్పిస్తున్నారా? లేక మనుషులు చాలక పిల్లల చేతే ట్రాలీలు తోయిస్తున్నారా? బయట టీ కొట్టు దగ్గర రెండో సంవత్సరం పిల్లలు కనిపిస్తే, ‘అమ్మా, మీ చేత్తో సెలైన్ ఎప్పుడు పెట్టారు?’ అని అడగండి. వాళ్లు నిజమే చెబుతారు. కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో కూడా కనుక్కోండి. చదువయ్యాక ఆంధ్రప్రదేశ్ నర్సుల కౌన్సిల్‌లో పేరు నమోదైతేనే ఆమె నర్సు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గరే ఉంచాలన్నా, బాండ్ రాయాలన్నా ఎందుకో, ఎన్నాళ్లో కాగితం మీద రాసివ్వమనండి.

పుస్తకాలూ పరీక్షలూ ఇంగ్లీషులోనే. తెలుగు మీడియంలో చదివిన పిల్లకు మొదటి ఆరు నెలలు అనాటమీ పేర్లు నోరు తిరగవు. ఫోన్ చేసి ఏడిస్తే తెలివి తక్కువని అనుకోకండి. ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు, ‘అవ్వకు బీపీ ఎందుకు పెరుగుతుందో తెలుగులో చెప్పు పాపా’ అని కూర్చోబెట్టండి. సొంత మాటల్లో చెప్పగలిగిన పాఠం పరీక్షలోనూ నిలుస్తుంది. మీకు చదువు రాకపోయినా ఈ సాయం చేయగలరు. వార్డులో అడుగు పెట్టకముందే హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టించండి. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. సూది గుచ్చుకోవడం ఈ పనిలో మామూలే, అది గుచ్చుకున్న తర్వాత తలచుకుంటే ఆలస్యం.

ఏదో ఒక రాత్రి ఆమె కళ్ల ముందే ఒక మనిషి చనిపోతాడు. పద్దెనిమిదేళ్ల పిల్ల. తెల్లవారి ఫోన్ చేస్తే ‘అవన్నీ మామూలేలే’ అనకండి, ‘చదువు మానేసి వచ్చెయ్’ అని కూడా అనకండి. ఆ మనిషి ఎవరు, ఏ ఊరు, చివరగా ఏమడిగాడు, చెప్పనివ్వండి. మధ్యలో ఆపకండి. వార్డులో ఎవరైనా తప్పుగా ప్రవర్తించారని చెబితే మాత్రం ముందు నమ్మండి. పరువు పోతుందని కప్పిపెట్టకండి. పదిమంది పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. మీరు పక్కన ఉంటేనే ఆమె అక్కడికి వెళ్లగలదు.

మలమూత్రాలు ఎత్తే పనికి పంపుతారా అని బంధువులు అంటారు. అదే బంధువులు రాయవేలూరు ఆసుపత్రికి వెళ్లొచ్చి అక్కడి సిస్టర్లు ఎంత బాగా చూసుకున్నారో నెల రోజులు చెబుతారు. ఆ ఆసుపత్రిని స్థాపించిన డాక్టర్ ఐడా స్కడర్ 1909లో అక్కడ నర్సుల శిక్షణ మొదలుపెట్టారు, 1946లో డిగ్రీ కూడా వచ్చింది. ఒకరి బిడ్డ చేస్తే పుణ్యం, మన బిడ్డ చేస్తే నామర్దా ఎలా అవుతుంది? మగపిల్లలు చేరతామన్నా ఇదే మాట.

ఇక కువైట్ సంగతి. మన కడప జిల్లా నుంచి ఇంటి పనికి వెళ్లిన ఆడవాళ్ల కష్టాలు మీకు నేను చెప్పక్కర్లేదు. నర్సు చదివిన బిడ్డను ఇంటి పని వీసా మీదో, విజిట్ వీసా మీదో ఎవరు పంపుతామన్నా ఒప్పుకోకండి. ఏజెంట్లు నర్సుల దగ్గర లక్షలు గుంజుతున్నారనే 2015లో కేంద్రం గల్ఫ్ నియామకాలను ప్రభుత్వ సంస్థల ద్వారా జరపాలని నిబంధన పెట్టింది. లైసెన్సున్న ఏజెంటైనా 30,000 రూపాయలూ జీఎస్టీ మించి సేవా రుసుము తీసుకోకూడదు.

అంతకన్నా ముందు మొదటి ఉద్యోగం చూసుకోవాలి. చిన్న ఆసుపత్రుల్లో జీతం చూస్తే మనసు కలుక్కుమంటుంది. సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రుల్లోనూ నర్సుకు నెలకు 20,000 తగ్గకూడదని సిఫారసు చేసింది. చాలాచోట్ల అది కాగితం మీదే ఉంది. అయినా ఇల్లు దగ్గరని పదిపడకల నర్సింగ్‌హోంలో చేర్చకండి. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష రాయాలంటే డిప్లొమా వాళ్లకు 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం అడుగుతారు. కడపలోనో తిరుపతిలోనో అలాంటి ఆసుపత్రిలో చేర్పించి, మొదటి రోజే నియామక పత్రం తీసుకోమనండి, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతిలో పడకుండా అక్కడ మానుకోవద్దని చెప్పండి.