విశాఖ ఒడ్డున సెంచూరియన్

విశాఖపట్నం అనగానే మనకు హార్బరు, డాల్ఫిన్స్ నోస్, నౌకాదళం గుర్తుకు వస్తాయి. అయితే ఆ హార్బరు ప్రారంభమైంది 1933లో. అంతకుముందు వచ్చిన ఓడలు ఒడ్డుకు దూరంగా సముద్రంలోనే లంగరు వేసుకుని నిలబడేవి. మన జాలర్లు మసూలా పడవల మీద కెరటాలు దాటించి సరుకును, మనుషులను చేరవేసేవారు. మేకు అనేది లేకుండా పలకలను కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టిన పడవలవి. మేకులతో బిగించిన పడవ ఆ కెరటాల దెబ్బకు విరిగిపోతుంది. కుట్టిన పడవ వంగి లేస్తుంది.

అలాంటి రోజుల్లో, 1804 సెప్టెంబరు 15న, ఆ తీరంలో ఒక ఇంగ్లీషు యుద్ధనౌక మూడు ఫ్రెంచి యుద్ధనౌకలతో పోరాడింది. బొబ్బిలి యుద్ధం తెలిసినట్లుగా ఈ పోరు మనకు తెలియదు. ఆ ఓడ పేరు సెంచూరియన్. అది ఎలా తయారైంది, ఎక్కడెక్కడ తిరిగింది అనేది తమ్ముళ్ళకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

సెంచూరియన్ అంటే రోమను సైన్యంలో సుమారు వందమందికి అధికారి. తెలుగు బైబిలులో శతాధిపతి అని చదివేది ఈ మాటనే. ఇదే పేరుతో 1732 నాటి మరో ఓడ ఉంది. హారిసన్ సముద్ర గడియారాన్ని 1736లో పరీక్షించింది దానిలోనే. పుస్తకాల్లో రెండూ కలిసిపోతుంటాయి కనుక జాగ్రత్తగా చదవాలి. మనం చెప్పుకునేది రెండవది.

దీని నమూనా సర్ థామస్ స్లేడ్ గీసినది. ప్రసిద్ధమైన విక్టరీ నౌకను రూపొందించినదీ ఆయనే. ఇంగ్లండు తూర్పు తీరంలోని హార్విచ్‌లో బర్నార్డ్ అనే ఓడల నిర్మాత వద్ద 1771లో పని మొదలై, 1774 మే 22న ఓడ నీటిలోకి దిగింది. పొడవు సుమారు 146 అడుగులు, వెడల్పు 40 అడుగులు. పక్కటెముకల వంటి దూలాలన్నీ ఓక్ కలప. కింది అంతస్తులో 22 ఫిరంగులు, ఒక్కొక్కటి 24 పౌన్ల గుండు, అంటే దాదాపు 11 కిలోల ఇనుప గుండు విసురుతుంది. పై అంతస్తులో 12 పౌన్లవి 22. మిగిలిన 6 చిన్నవి. మొత్తం 50. పెద్ద యుద్ధాల్లో బారులు తీరి పోరాడడానికి 50 ఫిరంగుల ఓడ చాలదని అప్పటికే అనుకునేవారు. దూరదేశాల్లో వర్తక ఓడలకు కాపలా కాయడానికి మాత్రం చక్కగా పనికి వచ్చేది.

ఇంత ఓడలో ఉండవలసినవారు 350 మంది. ఫిరంగుల మధ్యనే భోజనం, వాటి పైన కట్టిన ఉయ్యాల పక్కల్లో నిద్ర. మనిషికి కేటాయించిన వెడల్పు 14 అంగుళాలు. మన డార్మిటరీలో ట్రంకుపెట్టెల మధ్య పడుకున్నవారికి ఇది వివరించనక్కర లేదు. నావికుడి జీతం 1653లో నిర్ణయించినదే 1797 వరకు నడిచింది. 144 సంవత్సరాలు! పైగా తిండి తూచేటప్పుడు పౌనుకు 16 ఔన్సులకు బదులు 14 ఔన్సులే ఇచ్చేవారు. మిగతా 2 ఔన్సులు తరుగు కింద ఓడ సరుకుల అధికారికి. చివరకు 1797 ఏప్రిల్‌లో స్పిట్‌హెడ్ దగ్గర 16 ఓడల నావికులు లంగరు ఎత్తేది లేదని కూర్చున్నారు. జీతం పెరిగింది, తూకం 16 ఔన్సులైంది, సమ్మె చేసినవారికి క్షమాభిక్ష కూడా దొరికింది. మెస్ చార్జీలు పెంచమని రోడ్డు మీద కూర్చున్న మన సీనియర్లు ఈ సంగతి చదివితే సంతోషిస్తారు. సెంచూరియన్ అప్పుడు తూర్పు సముద్రాల్లో ఉంది. సమ్మెలో దాని మనుషులు లేకపోయినా ఫలితం వారికీ అందింది.

ఇక దాని సర్వీసు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో 1778 డిసెంబరు 15న వెస్టిండీస్‌లోని సెయింట్ లూసియా వద్ద చిన్న ఇంగ్లీషు దళం అఖాతంలో లంగరు వేసి వరుసగా నిలబడి, తనకంటే పెద్దదైన ఫ్రెంచి దళాన్ని వెనక్కి పంపింది. ఆ వరుసలో సెంచూరియన్ ఉంది. ఇది గుర్తుంచుకోండి, విశాఖలో మళ్ళీ అవసరమవుతుంది. 1794లో మారిషస్ వద్ద పోరు, 1795లో ట్రింకోమలీ పట్టుకోవడం, తరువాత మొలుక్కా దీవులు.

1804లో ఫ్రెంచి అడ్మిరల్ లినువా మారిషస్ నుంచి బయలుదేరి బంగాళాఖాతంలో కంపెనీ ఓడలను వేటాడుతున్నాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో చైనా నుంచి వస్తున్న వర్తక ఓడలను చూసి వెనక్కి తగ్గిన అవమానం అతనిపై ఉంది. విశాఖలో ఒక చిన్న ఫ్రిగేటు మాత్రమే ఉందనుకుని వచ్చాడు. కాని దాని స్థానంలో సెంచూరియన్ వచ్చింది, ప్రిన్సెస్ షార్లెట్, బార్నబీ అనే రెండు వర్తక ఓడలకు కాపలాగా. లినువా వద్ద 74 ఫిరంగుల మరెంగో, అతలాంత్, సెమియాంత్. మూడింటికీ కలిపి దాదాపు 150 ఫిరంగులు.

సెంచూరియన్ కెప్టెన్ రైనియర్ జబ్బుపడి లేడు. బదులుగా ఉన్న జేమ్స్ లిండ్ ఆ ఉదయం ఒడ్డున ఉన్నాడు. ఓడలో ఉన్న లెఫ్టినెంట్ ఫిలిప్సే పోరు మొదలుపెట్టాడు. బార్నబీ లంగరు తాడు తెంపుకుని ఒడ్డుకు కొట్టుకుపోయి కెరటాల్లో బద్దలైంది. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది. మరెంగో దగ్గరకు రాబోయి నేల తగిలి ఆగిపోయింది. అది విడిపించుకునే లోపల సెంచూరియన్ ఒడ్డుకు ఇంకా దగ్గరగా, మెరక అవతలికి జరిగి లంగరు వేసింది. పోరు మధ్యలో లిండ్ పడవలో ఓడకు చేరుకున్నాడు. లోతు ఎక్కువ కావలసిన మరెంగో ఇక దగ్గరకు రాలేదు. సుమారు మైలు దూరం నుంచి కాల్పులు జరిపి, మధ్యాహ్నం దాటాక ప్రిన్సెస్ షార్లెట్‌ను తీసుకుని వెళ్ళిపోయింది. సెంచూరియన్‌లో చనిపోయినది ఒక్కరు, గాయపడినవారు తొమ్మండుగురు. నా లెక్కలో ఇక్కడ గెలిచినది ఫిరంగుల సంఖ్య కాదు, నీటి లోతు తెలియడం. లినువా 1806 మార్చిలో మరెంగోతో సహా ఇంగ్లీషువారికి పట్టుబడ్డాడు.

ఈ పోరులో ఎవరూ మన పక్షం కాదు. ఒకరు కంపెనీ సరుకు కాపాడేవారు, ఇంకొకరు దాన్ని దోచుకునేవారు. ఉత్తర సర్కారుల నేతగాళ్ళు నేసిన బట్ట కోసం రెండు దేశాలూ అంతకుముందు నుంచే కొట్టుకుంటున్నాయి. 1757లో బుస్సీ ఇదే విశాఖను పట్టుకున్నాడు. నేను చదివిన కథనాల్లో అధికారుల పేర్లు, ఫిరంగుల బరువులు, దెబ్బలు తిన్నవారి లెక్క ఉన్నాయి. అవే ఒడ్డున సరుకు ఎత్తి దించిన పడవలవారి పేరు ఒక్కటీ కనబడలేదు.

దెబ్బతిన్న సెంచూరియన్ 1805లో ఇంగ్లండు చేరింది. ఆ తరువాత కెనడాలోని హాలిఫాక్స్‌లో ఆసుపత్రి ఓడగా కట్టిపడేశారు. 1824 ఫిబ్రవరిలో కట్టిన చోటనే మునిగిపోయింది. పైకి లేపి 1825లో విడగొట్టారు. హార్విచ్‌లో నీటిలోకి దిగి అప్పటికి 51 సంవత్సరాలు.